ఆహారనియమము - కండబలము

బలము నపేక్షించువాడు తినవలయునా, మానవలయునా యను ప్రశ్న యీనాటిది కాదు. మల్లయుద్ధము పుట్టిననాడే యిదియు పుట్టినది. నేడు మన పట్టణములలో వ్యాయామశాల లేని పేట యరుదు. అందు చేరిన యువకుడు మొదటి వారమున ఇనుపగుండ్ల నెత్తుట నేర్చును. రెండవ వారమున అన్నము మానుట నేర్చును. ఒకడు వరియన్నము విషమనును. ఒకడు నేతిని, నూనెను ముట్టడు. వేఱొకడు గ్రుడ్డులోని పచ్చసొనను పారవేసి తెల్లసొనను మాత్రము గ్రహించును. పగలెల్ల నుపవసించి సాయంకాల మొక్కమారు భుజించువారును గలరు. తల్లి వండిన పప్పు, కూర, పెరుగు పీటయెదుట చల్లారుచుండగా కుమారుడు డబ్బాలోని పొడిని నీళ్లలో కలిపి త్రాగుట అనేక గృహములలో కానవచ్చుచున్నది. దీనివలన ప్రయోజన మున్నదా? ఉన్నచో నెంత? ఎవరికి? ఉపదేశములకంటె చరిత్రమే యీ ప్రశ్నలకు మంచి సమాధాన మీయగలదు. ఏలయన, బలముకొఱకు ఆహారమును మార్చుటయు కుదించుటయు మనుష్యుడు రెండువేల యైదువందల యేండ్లనుండి చేయుచున్న పరీక్ష.

మొదట నొక భేదమును గుర్తింపవలయును. నియమము రెండు తెఱగులు. ఒకటి రకమునకు సంబంధించినది: మాంసము మానుట, అన్నము మానుట, పాలు మానుట మొదలగునవి. రెండవది కొలతకు సంబంధించినది: దేహము వ్యయపఱచు శక్తికంటె తక్కువగా తినుట. జనులు ఈ రెంటిని ఒక్కటిగా భావింతురు. చరిత్రము వీనిని వేఱుపఱచి చూపును. ఈ వ్యాసమున చెప్పబోవున దంతయు ఈ భేదముమీదనే ఆధారపడి యున్నది.

ప్రాచీన గ్రీసు దేశమున ఒలింపియా పందెములకు సిద్ధపడు వీరులు తొలుత ఎండిన అత్తిపండ్లు, జున్ను, గోధుమలు తిని దేహములను పెంచుకొనుచుండిరని ఆ దేశపు గ్రంథకర్తలు వ్రాసిరి. పిమ్మట మాంసభోజనము ప్రవేశించెను. దానిని ప్రవేశపెట్టినవాడు డ్రోమియస్ అను దూరపు పరుగు పందెగాడని యొకరును, పైథాగొరస్ అను పేరుగల శిక్షకుడని మఱియొకరును చెప్పిరి. క్రీస్తునకు పూర్వము ఆఱవ శతాబ్దమున క్రొటోను నగరవాసి మిలో మల్లయుద్ధమున ఆఱు ఒలింపియా విజయములను గడించెను. అతడు దినమునకు ఇరువది పౌనుల మాంసము, అంతే రొట్టె తినుచుండెనని కథ పెరిగినది. కథలోని అతిశయోక్తిని విడిచినను ఒక్క సంగతి మిగులును. అత్తిపండ్లు తిన్న కాలమునను గ్రీకులు గెలిచిరి. మాంసము తిన్న కాలమునను గెలిచిరి. గెలిచినవాని కంచములోని వస్తువే గెలుపునకు కారణమని లోకము నమ్మెను. ఈ తర్కదోషము నేటికిని తీరలేదు.

రోమకుల కాలమునందలి నిదర్శనము ఇంకను విశేషమైనది. ప్రాణములొడ్డి పోరాడు గ్లాడియేటరులను ప్రజలు యవభోజనులని పరిహసించుచుండిరి. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున పెర్గమమున వారికి వైద్యుడుగా నుండిన గాలెను, వారు యవలును చిక్కుడుగింజలును విశేషముగా తినుచుండిరని వ్రాసెను. నేటి తుర్కీలోని ఎఫెసస్ నగరశిథిలములలో అట్టివారి శ్మశానము బయల్పడినది. అందలి యెముకలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2014లో తమ నిర్ణయమును ప్రకటించిరి. ఆ యోధుల ఆహారము ప్రధానముగా ధాన్యములు, శాకములే. ఆ యూరి సామాన్యజనుల తిండికిని వారి తిండికిని పెద్ద భేదము కానరాలేదు. ఆ గాలెనే మల్లుల యతిభోజనమును తీవ్రముగా నిందించెను. తినుట, నిద్రించుట, మరల తినుటయే వారి జీవితమని యాతని యాక్షేపణ. కాబట్టి అతిభోజనము బలమని యా కాలపు వైద్యులును తలపలేదు.

మన దేశమునకు వత్తము. చరకసంహిత సూత్రస్థానమున ఆహారమాత్రనుగూర్చి యొక యధ్యాయమే కలదు. ఎవని జఠరాగ్ని యెంతటిదో వాని మాత్ర యంతటిదని దాని సారము. అనగా అందఱకు నొక్క కొలత లేదు. మఱియొక యధ్యాయమున మిక్కిలి లావైనవానిని, మిక్కిలి చిక్కినవానిని ఇరువురను నిందితులలో చేర్చి, ఇరువురకును వేర్వేఱు విధానములను చెప్పినాడు. స్థూలునకు కడుపు నింపునదియై పోషణ తక్కువగా గల యాహారము. కృశునకు తేలికగా జీర్ణించి యెక్కువ పోషణ నిచ్చు నాహారము. ఈ వివేకము మిక్కిలి విలువగలది. నియమము మంచిదా చెడ్డదా యని చరకుడు అడుగలేదు. ఎవనికి అని యడిగెను.

సుశ్రుతుడు వ్యాయామమును తన బలములో సగమువఱకే చేయవలయు ననెను. అంతేకాదు, వ్యాయామము ఎల్లప్పుడు హితమగునది బలవంతులకును, నేయి మొదలగు స్నిగ్ధపదార్థములను భుజించువారికిని అని చెప్పెను. క్షీణించినవారిని వ్యాయామము మానుమనెను. గుండ్లెత్తుచు నేతిని వెలివేయు మన యువకుడు ఈ మాటను గమనింపదగును. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమును రచించెను. నేటి తెలంగాణమున చాల భాగము ఆతని యేలుబడిలోనిదే. అందు మల్లవినోదమను ప్రకరణమున రాజు తన మల్లులకు పప్పుదినుసులు, మాంసము, పాలు, చక్కెర, మేలైన భక్ష్యములు సమకూర్పవలయునని విధించెను. మల్లుని రాజు ఖర్చుతో పోషింపవలసివచ్చిన కారణము స్పష్టమే. కండ పెంచుట బహుభోజనముతోడి పని; సామాన్యుని యింటికి మోయరాని భారము.

మన గ్రంథములలోనే దీనికి సరిగా వ్యతిరేకమైన విధియు నున్నది. మనుస్మృతి అయిదవ యధ్యాయమున, భర్త గతించిన స్త్రీ పుష్పములు, మూలములు, ఫలములు తిని తన దేహమును క్షీణింపజేసికొనవలయునని చెప్పబడినది. మన తెలుగుదేశపు అగ్రవర్ణ గృహములలో విధవలకు ఏకభుక్తమును, ఏకాదశినాడు నిరాహారమును విధించిన యాచారమునకు ఇట్టి విధులే మూలము. ఆచారము క్రూరమైనదే, కాని దానిని నిర్మించినవారికి దేహధర్మము బాగుగా తెలియును. అన్నమును తగ్గించినచో దేహము తఱుగునని వారెఱుగుదురు, అందుకే తగ్గించిరి. ఈ సంగతిని మరల ప్రస్తావింపవలసి యుండును.

ఇక ఆధునిక శాస్త్రచరిత్రము. ఆహారమందు నత్రజనితో కూడి కండను నిర్మించు ద్రవ్యములకు మాంసకృత్తులని పేరు. 1842లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడగు లీబిగ్, కండ పనిచేయునప్పుడు కండలోని మాంసకృత్తులే కాలి శక్తినిచ్చునని వాదించెను. ఆతని కీర్తి గొప్పది గనుక సిద్ధాంతము వేదవాక్యమైనది. పనిచేయువాడు మాంసము తినక తీరదని యూరపునందంతటను స్థిరపడెను.

1865 ఆగస్టు 30వ తేదీన ఇరువురు పండితులు ఈ సిద్ధాంతమును తమ కాళ్లతోనే పరీక్షించిరి. ఆడాల్ఫ్ ఫిక్, యోహానెస్ విస్లిసేనస్ అనువారు స్విట్జర్లాండులోని ఫాల్‌హార్న్ అను పర్వతము నెక్కిరి. అడుగుననున్న సరస్సునుండి శిఖర మించుమించు 1950 మీటర్ల యెత్తు. ముందటిదినము మధ్యాహ్నమునుండి వారు మాంసకృత్తులు గల వస్తువేదియు తినలేదు. పిండిని క్రొవ్వులో వేచిన బిళ్లలు, చక్కెర వేసిన తేనీరు మాత్రమే వారి యాహారము. ఎక్కుచున్నంతసేపును, తరువాతను మూత్రమును పట్టి దానిలోని నత్రజనిని కొలిచిరి. మాంసకృత్తులు కాలినచో వాని నత్రజని అందు తేలవలయును గదా. తేలిన నత్రజనిని బట్టి లెక్కింపగా, కాలిన మాంసకృత్తుల శక్తి వారి దేహములను శిఖరమున కెత్తిన పనికే చాలలేదు. దేహము తన శక్తిలో అధికభాగమును వేడిగా పోగొట్టుకొనును. గుండె, ఊపిరి నిరంతరము పనిచేయును. ఇవి చేర్చినచో లెక్క ఇంకను తప్పును. మఱుసటి సంవత్సరము ఇంగ్లండునందు ఫ్రాంక్‌లాండ్ ఆహారద్రవ్యములను కాల్చి వాని వేడిని కొలిచి ఈ నిర్ణయమును బలపఱచెను.

దీని యర్థము నొక గృహోపమానముచే చెప్పవచ్చును. మాంసకృత్తులు ఇంటి దూలములవంటివి. పిండిపదార్థములు, క్రొవ్వు వంటచెఱకువంటివి. పొయ్యిలో కట్టెలున్నంతకాలము దూలములు నిలుచును, కొత్త దూలములును ఎత్తవచ్చును. కట్టెలు లేనప్పుడు ఇంటివాడు దూలమునే నఱికి పొయ్యిలో పెట్టును. అన్నము మాని, నూనె మాని, ఉన్న మాంసకృత్తులనే శక్తికొఱకు కాల్చుకొనువాని గతి యిదియే.

శాస్త్రజ్ఞులు లెక్క దిద్దినను లోకము లీబిగ్‌నే నమ్మెను. ఆ నమ్మకము మన దేశమునకు పాలకులతో గూడ వచ్చెను. ఇంగ్లీషువారు మాంసము తిందురు గనుక బలవంతులై మనల నేలుచున్నారను మాట పంతొమ్మిదవ శతాబ్దమున విద్యార్థులలో వ్యాపించెను. గాంధీమహాత్ముడు బాల్యమున ఒక స్నేహితుని ప్రోద్బలమున ఈ నమ్మకముతోనే రహస్యముగా మాంసము తిన్నట్లు ఆత్మకథలో వ్రాసికొనెను. ఇచట ఆహారము ఆరోగ్యవిషయముగాక అవమానవిషయమైనది. తన తాతలు తిన్న తిండిని తన దాస్యమునకు కారణముగా నొక జాతి తలచుట యెంత విచారకరము!

ఆ కాలముననే మన యుత్తరాంధ్రమున వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరమున సాము నేర్చి, సర్కసు నెలకొల్పి, ఇనుపగొలుసులను తెంచి, ఱొమ్ముమీద ఏనుగును నిలిపి కలియుగభీముడని బిరుదొందెను. ఆయన 1942లో కాలధర్మము నొందెను. ఆయన శాకాహారి యని ప్రసిద్ధి. 1910లో లండను నగరమున ప్రఖ్యాతి గడించిన గామా వస్తాదో, మాంసరసమును, పాలను, బాదము పప్పును సేవించువాడు. దేహసౌష్ఠవమునకు జగత్ప్రసిద్ధుడైన శాండో తన 1897 నాటి గ్రంథమున, తనకు ప్రత్యేకాహారనియమ మేదియు లేదనియు, ఇష్టమైనది మితముగా తిందుననియు చెప్పెను. మువ్వురి కంచములు మూడు విధములు. మువ్వురకు సమానమైనవి రెండే: బాల్యమునుండియో యౌవనమునుండియో యెడతెగని సాధన, ఆ సాధనకు తగినంత తిండి. దండీలు, బస్కీలు తీయుచు గడపిన యేండ్లను విడిచి పాలగ్లాసును మాత్రము అనుకరింపజూచు శిష్యుడు గురువును సగమే చూచినవాడు.

ఇరువదవ శతాబ్దారంభమున ఒక గొప్ప వివాదము పుట్టెను. మ్యూనికు నగరపు వోయిట్ అను పండితుడు పనిచేయు పురుషునకు దినమునకు 118 గ్రాముల మాంసకృత్తులు కావలయునని నిర్ణయించి యుండెను. అమెరికాలో యేలు విశ్వవిద్యాలయమున రస్సెల్ చిట్టెండెన్ దీనిని సందేహించెను. 1902నుండి తానే తన యాహారమును తగ్గించి చూచెను. మోకాటి వాతనొప్పి పోయినదని సంతసించెను. తరువాత 1903-04లో అయిదుగురు అధ్యాపకులను, పదుముగ్గురు సైనికులను, ఎనమండ్రు విద్యార్థి క్రీడాకారులను నెలలతరబడి వోయిట్ కొలతలో ఇంచుమించు సగము మాంసకృత్తులతో నుంచెను. వారి బలము తగ్గలేదు. కొలిచి చూడగా సైనికుల బలము హెచ్చెను. మితాహారవాదులు జయధ్వానము చేసిరి.

కాని యిందొక మెలిక గలదు. ఆ సైనికులు ఆ నెలలలో ప్రతిదినము వ్యాయామశాలలో శిక్షణ పొందుచుండిరి. బలము పెరిగినది మితాహారముచేతనా, క్రొత్త వ్యాయామముచేతనా? వ్యాయామమువలననే యనుట సహజము. ఆ పరీక్షవలన నిలిచిన నిజ మొక్కటే: వోయిట్ చెప్పినంత మాంసకృత్తులు లేకున్నను ఆరోగ్యవంతుడు కొన్నినెలలు బలముతో నుండగలడు.

దీనికి మన దేశమునుండి ప్రత్యుత్తరము వచ్చెను. కలకత్తా వైద్యకళాశాలలో ఆచార్యుడగు డేవిడ్ మెకే, చిట్టెండెన్ కోరి యేర్పఱచుకొన్న కొలతను బంగాళాదేశపు పేదజనులు తరతరములుగా విధిలేక అనుభవించుచున్నారని చూపెను. ఆ యాహారము అంత మేలైనదైనచో వీరి దేహములు లోకమునకు మాదిరిగా నుండవలయును గదా యని ఆతని ప్రశ్న. 1912లో ఈ విషయమై గ్రంథమును ప్రకటించెను. ఆతని వాదమున జాతులను హెచ్చుతగ్గులుగా చూచు ఆ కాలపు దురభిమానము గలదు. మలేరియాను, కడుపు చాలని తిండిని, పాలు దొరకని పేదరికమును అతడు తగినంతగా లెక్కింపలేదు. అయినను ప్రశ్న మాత్రము పదునైనది. సంపన్నుడు ప్రయోగముగా తిను కొలతకును, పేద నిర్బంధముగా తిను కొలతకును అంకె యొక్కటే కావచ్చును. ఫలము ఒక్కటి కాదు. మొదటివానికి చిన్ననాట పెరిగిన దేహమును, కావలసినప్పుడు మాను స్వేచ్ఛయు నుండును. రెండవవానికి రెండును లేవు.

తరువాతి యధ్యాయము కూనూరున జరిగినది. రాబర్టు మెకారిసన్ 1920 తరువాతి దశాబ్దమున ఎలుకలకు భారతదేశపు వివిధ ప్రాంతముల యాహారములను పెట్టి పెంచెను. సిక్కుల యాహారము తిన్న యెలుకలు అన్నిటికంటె బాగుగా పెరిగెను. మదరాసు ప్రాంతపు పేదల యాహారము తిన్నవి అన్నిటికంటె కృశించెను. సిక్కుల యాహార మనగా మాంసరాశి కాదు. పొట్టుతోడి గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, ఆకుకూరలు, వారమున కొకసారి కొంచెము మాంసము. మదరాసు ఆహారము మరపట్టిన తెల్లబియ్యము, చింతపండు, కొంచెము పప్పు, అరుదుగా పాలు. కనుక దోషము బియ్యమును తినుటయందు కాదు. బియ్యమును పాలిషు చేసి, దానితో చేరవలసిన పాలు, పప్పు, ఆకుకూరలు లేకుండ తినుటయందే. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి 1969లో జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. డాక్టరు గోపాలన్ మొదలగు హైదరాబాదు శాస్త్రజ్ఞులు మన పేదపిల్లల తిండిలోని మొదటి లోపము మొత్తము శక్తి చాలకపోవుటయే యనియు, కడుపునిండ తినగలిగినచో మాంసకృత్తుల కొఱతయు చాలవఱకు తీరుననియు వాదించిరి. ఫాల్‌హార్న్ పర్వతముమీద తేలిన సత్యము మన పల్లెల పిల్లలయందును తేలినది.

కొలతను తగ్గించినచో బలమేమగునో యనుదానికి అన్నిటికంటె గట్టి సాక్ష్యము రెండవ ప్రపంచయుద్ధకాలమున దొరకెను. యూరపున క్షామపీడితులను మరల బ్రతికించు మార్గము తెలియవలసి యుండెను. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 1944 నవంబరున పరీక్ష నారంభించెను. మనస్సాక్షి కారణమున యుద్ధమున ఆయుధము పట్టనొల్లని 36 మంది యువకులు ఇష్టపూర్వకముగా దీనికి లోబడిరి. విశ్వవిద్యాలయపు క్రీడారంగపు మెట్ల క్రింది గదులలో వారు వసించిరి. మొదటి 12 వారములు దినమునకు 3200 కెలోరీల యాహారము. తరువాతి 24 వారములు ఇంచుమించు 1570 కెలోరీలు మాత్రమే. బంగాళాదుంపలు, ముల్లంగివంటి దుంపలు, రొట్టె, మెకరోనీ వారి తిండి. వారమునకు 22 మైళ్లు నడువవలయును.

ఆ యాఱునెలలలో వారు తమ బరువులో నాలుగవవంతు పోగొట్టుకొనిరి. పోయినది క్రొవ్వు మాత్రమే కాదు, కండయు పోయెను. గుండెకొట్టుకొనుట నిమిషమునకు ఇంచుమించు 35 సార్లకు దిగెను. మెట్లెక్కుట కష్టమయ్యెను, వేసవిలోను చలి వేయుచుండెను. అంతకంటె గమనింపదగినది మనస్సునకు కలిగిన మార్పు. చదువుకొన్న యువకులు పాకశాస్త్ర గ్రంథములను నవలలవలె చదువసాగిరి. పళ్లెములను నాకిరి. స్నేహము తగ్గి చిరాకు హెచ్చెను. తిండిని గూర్చిన తలపు తప్ప వేఱు తలపు లేకపోయెను. మరల భోజనము పెట్టు దశలో కొందఱకు అదనపు మాంసకృత్తులు, కొందఱకు జీవసత్త్వములు ఇచ్చి చూచిరి. కోలుకొనుటలో భేదము తెచ్చినది అవి కావు; మొత్తము ఆహారపు పరిమాణమే. 1950లో ప్రకటింపబడిన రెండు సంపుటముల గ్రంథమున ఇదంతయు వివరముగా నున్నది.

1570 కెలోరీలనగా ఆకలిచావు కాదు. నేడు సన్నపడుటకని అచ్చువేయు భోజనపట్టికలలో ఇంతకంటె తక్కువ కొలతలు అనేకము గలవు. శ్రమను హెచ్చించి తిండిని ఇంత తగ్గించి కండ పెరుగవలయునని కోరుట, కూలిని తగ్గించి పనిని హెచ్చింపుమనుటయే.

అయినను న్యాయమున కింకొక పక్షమును చెప్పవలయును. 2016లో కెనడాలోని మక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారు 40 మంది లావైన యువకులకు నాలుగు వారములు కావలసిన శక్తిలో నూటికి 40 పాళ్లు తగ్గించి, వారమున కాఱుదినములు కఠిన వ్యాయామము చేయించిరి. దేహభారమున కిలోగ్రామునకు 2.4 గ్రాముల మాంసకృత్తులు తిన్న సగముమంది 4.8 కిలోల క్రొవ్వును పోగొట్టుకొని 1.2 కిలోల కండ సంపాదించిరి. 1.2 గ్రాములు తిన్నవారు కండను నిలుపుకొనిరి గాని పెంచుకొనలేదు. కావున కొలతను తగ్గించుట కొందఱకు ఫలించును. కాని యెవరికి? ఒంటిలో క్రొవ్వు నిలువయున్నవారికి, కొద్దివారములకు, వ్యాయామముతోను, హెచ్చు మాంసకృత్తులతోను గూడినప్పుడు. వారికి కట్టెలు పొయ్యివద్ద లేకున్నను కొట్టులో నున్నవి. చరకుడు స్థూలునకు వేఱుగాను, కృశునకు వేఱుగాను చెప్పినది ఇదే. మన వ్యాయామశాలలలో ఈ నియమమును పట్టినవారిలో లావైనవా రెందఱు, ఎముకలు తేలినవా రెందఱు అని చూచినచో జరుగుచున్న యనర్థము తెలియును.

రకమునకు సంబంధించిన నియమములమాట వేఱు. 2021లో బ్రెజిలు దేశమున 19 మంది సంపూర్ణ శాకాహారులకును, 19 మంది సర్వాహారులకును 12 వారములు సమానముగా వ్యాయామము చేయించి, సోయా మొదలగువానిచేత మాంసకృత్తుల కొలతను సమానము చేయగా, ఇరువర్గములకును కండ సమానముగానే పెరిగెను. రామమూర్తి నాయుడు చూపిన దానిని పరిశోధనాలయము ధ్రువపఱచినది. మాంసము మానినంతమాత్రమున బలము రాదు, మానినంతమాత్రమున పోదు. మానినదాని స్థానమున నేమి చేర్చుకొంటిమో యదియే ప్రధానము.

ఎంత చేర్చుకొనవలయును? మన జాతీయసంస్థ సామాన్యునకు దేహభారమున కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని చెప్పినది. కండ పెంచువారినిగూర్చి 49 పరిశోధనలను జోడించి 2018లో ప్రకటించిన నిర్ణయము, కిలోకు 1.6 గ్రాములు దాటినచో అదనపు లాభము కనబడలేదని. అరువది కిలోల యువకునకు మొదటి లెక్కను 50 గ్రాములు, రెండవ లెక్కను 96 గ్రాములు. దీనికి మన వంటయిల్లు చాలదా? మున్నూఱు గ్రాముల బియ్యమున ఇరువదికి పైగా, నూఱు గ్రాముల కందిపప్పున 22, అరలీటరు పాలు పెరుగులందు 16, ఏబది గ్రాముల వేరుసెనగపప్పున 12, గుప్పెడు సెనగలలో పది. మొత్తము ఎనుబది దాటును. గ్రుడ్లు తినువారికి ఒక్కొక్క గ్రుడ్డున ఆఱు గ్రాములు అదనము. బియ్యములో కొఱవడు లైసీను పప్పులో సమృద్ధిగా నుండును గనుక పప్పన్నము కలిపి తినుటయు శాస్త్రసమ్మతమే. డబ్బాపొడుల జోలికి పోవలదని ఆ సంస్థయే 2024లో ప్రజలను హెచ్చరించినది.

ఆ లెక్కలోని పప్పును, పాలను గమనింపుడు. మన యిండ్లలో కొఱవడునవి అవియే. హెచ్చుగా నుండునది తెల్లన్నము. కాబట్టి మనకు కావలసిన సంస్కారము అన్నమును వెలివేయుట కాదు, దాని ప్రక్కన పప్పును పెంచుట.

ఇక మొదట విడిచిన ప్రస్తావమును మరల గైకొందము. విధవకు విధించిన మితాహారమును వీరేశలింగముగారి తరమువారు అన్యాయమని యెఱిగిరి. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిగిననాటినుండి ఆ యాచారము క్రమముగా సడలెను. కాని స్త్రీలకు నిర్బంధపు నియమము పోయినదా? మగవారు, పిల్లలు తినినపిమ్మట మిగిలినది తినుట యనేక గృహములలో నేటికిని గృహిణీధర్మముగా నున్నది. మిగులునది అన్నము, పులుసు. పప్పు అడుగంటి యుండును, పెరుగు గిన్నె కడిగి యుండును. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో 15 మొదలు 49 యేండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదని తేలినది. రక్తహీనతకు కారణములు పెక్కు గలవు; ఆహారము వానిలో ప్రధానమైనది. మిన్నెసోటా యువకులు ఏడాదికి విడుదల పొందిరి. మన గృహములలోని ఈ పరీక్షకు గడువు లేదు, దీనికి సమ్మతి నడిగినవారును లేరు.

ఒకే యింటిలో ఒక విచిత్రము జరుగుచున్నది. కుమారుడు బలముకొఱకై కోరి తిండి తగ్గించును. తల్లియు చెల్లెలును కోరకయే తగ్గించుకొందురు. మొదటిది వ్రతమని మెప్పు పొందును. రెండవది యెవరికంటను పడదు. పూర్వులు దేహమును క్షీణింపజేయుటకని యేర్పఱచిన సాధనమునే నేటి యువకుడు దేహమును పెంచుటకని చేపట్టుట ఎంత పొరపాటో, ఆ సాధనమును స్త్రీలయెడల పేరు మార్చి కొనసాగించుట అంత యన్యాయము.

భక్తికై, చిత్తశుద్ధికై చేయు నుపవాసముల జోలి నాకు లేదు. వాని లక్ష్యము వేఱు. బలమే లక్ష్యమైనచో చరిత్రము చెప్పుమాట యిది. రకమునందు నియమము నిష్ఫలము కాదు, దివ్యౌషధమును కాదు; లోటు పూరింపబడినంతవఱకు అది హానిలేనిది. కొలతయందు నియమము లావైనవానికి కొంతకాలము మేలు, సన్ననివానికి ఎల్లప్పుడు కీడు. సాధన లేనిదే ఏ యాహారమును కండ కాదు. కుమారుని భోజనపట్టికను దిద్దబోవు గృహస్థులు ముందుగా ఇంటిలో నందఱును ఒక్క పంక్తిని కూర్చుండి తినునట్లు చేయుదురుగాక. పప్పు గిన్నె యెవరివద్ద ఖాళీ యగుచున్నదో అప్పుడు కంటికి కనబడును.